క్రిస్మస్ పనుల్లో అమ్మ మాత్ర మరచిపోవద్దు

పాఠ్యభాగములు: మార్కు 6:30-32, లూకా 10:38-42, నిర్గమకాండము 18:13-23



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్లలో సందడి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు దులపాలి, సున్నం వేయించాలి. స్త్రీల సమాజం సెమీ క్రిస్మస్, సండే స్కూలు పిల్లల నాటిక, దర్జీ చుట్టూ నాలుగుసార్లు తిరగడం. అరిసెలకు బియ్యం నానబోయాలి, పిండి కొట్టించాలి, పాకం పట్టాలి. కేరల్స్ వాళ్లు రాత్రి ఒంటిగంటకు వచ్చినా టీ, కేకు సిద్ధంగా ఉండాలి. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన, మధ్యాహ్నం బంధువుల భోజనాలు, మళ్లీ 31 రాత్రి ఆరాధన. ఇదంతా సంతోషమే. కాని ఈ సంతోషం బరువు చాలా ఇళ్లలో ఒక్కరి మీదే పడుతుంది. ఆమె అమ్మ.

నేను నర్సును, ఇద్దరు పిల్లల తల్లిని, సండే స్కూలు టీచరును కూడా. ఓ.పి.లో రోజూ "బి.పి. మాత్ర మానకండమ్మా" అని అందరికీ చెప్పేదాన్ని. కొన్నేళ్ల క్రితం డిసెంబరు 20న నా మాత్రలే అయిపోయాయి. పండుగ అయ్యాక తెచ్చుకుందాంలే అనుకున్నాను. నాలుగు రోజులు సరిగా నిద్ర లేదు. 24 సాయంత్రం తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్లు తిరగడం. నాటిక మొదలు కాబోతోంది, ఎవరికీ చెప్పలేదు. తెర పక్కన నిలబడిన దాన్ని అక్కడే కూలబడ్డాను. ఆసుపత్రికి తెచ్చి చూస్తే బి.పి. 200/110.

దేవుని కృప వలన పక్షవాతం రాలేదు. దేవదూత వేషం వేసిన మా చిన్నమ్మాయి అట్ట రెక్కలతోనే నా మంచం పక్కకు వచ్చింది. "అమ్మా, నేను డైలాగు మర్చిపోకుండా చెప్పాను. నువ్వే చూడలేదు" అంది. ఆ రెక్కలు రెండు రాత్రులు మేలుకొని కుట్టింది నేనే. మాత్రలు అయిపోయాయని ఒక్క మాట చెప్పకూడదా అని మా ఇంటి ఆయన బాధపడ్డారు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ.

వాక్యము ఏమి నేర్పుతోంది?

మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులు సేవ ముగించుకొని వచ్చారు. జనం రాకపోకలతో వారికి భోంచేయడానికి కూడా తీరిక లేదు. ప్రభువు వారికి ఇంకొక పని అప్పగించలేదు, వారిని విశ్రాంతికి తీసుకొని వెళ్లాడు. దేవుని పనిలో ఉన్నవారికీ ఆకలి, అలసట ఉంటాయని ఆయనకు తెలుసు.

మార్త సంగతి చూడండి. ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. యోహాను 12వ అధ్యాయంలో ఆమె మళ్లీ వడ్డిస్తూనే కనబడుతుంది. ఆమె మనస్సు అనేక పనుల మధ్య చీలిపోవడాన్నే ఆయన చూశాడు. మన పండుగలో కూడా పది రకాల పిండివంటలు లేకపోతే యేసు పుట్టుక తక్కువైపోదు.

మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే ప్రజలకు తీర్పు తీర్చడం చూసి ఆయన మామ యిత్రో, ఈ పని నీ ఒక్కడి వల్ల కాదు, పంచి ఇవ్వమని సలహా చెప్పాడు. మోషే ఆ మాట విన్నాడు. మన ఇళ్లలో యిత్రో ఎవరు?

ఆరోగ్యము విషయంలో జాగ్రత్తలు

1. మాత్రలు: డిసెంబరు 15 లోపే జనవరి మొదటి వారం వరకు సరిపడా తెచ్చుకోండి. కొన్ని రకాల బి.పి., గుండె మాత్రలు ఉన్నట్టుండి మానితే ప్రమాదం.

2. షుగరు ఉన్నవారు: మాత్ర వేసుకొని లేదా ఇన్సులిన్ తీసుకొని ఆరాధన అయ్యేవరకు ఏమీ తినకుండా ఉండకండి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక కనబడితే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి, తగ్గాక భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరు గారిని అడగండి. ఇంకొక మాట: అరిసె బెల్లంతో చేసినదైనా షుగరును పెంచుతుంది.

3. ఉప్పు: పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చెంచాకు, మించకూడదు. పచ్చడి, జంతికలు, బిర్యానీలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

4. కాలిన గాయాలు: వేడి నూనె పడితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. పాకం, నూనె మూకుడు దగ్గరకు పిల్లలను రానివ్వకండి.

5. ఆలస్యం చేయవద్దు: స్వీడన్‌లో 1998 నుండి 2013 వరకు వచ్చిన గుండెపోట్లను పరిశీలించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి వారికి క్రిస్మస్ ముందు రోజే పెద్ద పండుగ. ఆ రోజున గుండెపోటు ప్రమాదం మామూలు కంటే 37 శాతం ఎక్కువగా కనబడింది. ఛాతీలో నొప్పి, చల్లని చెమట వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడడం పక్షవాతపు గుర్తులు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పండుగ రాత్రి అయినా 108కి ఫోన్ చేయండి.

ఇంటిల్లిపాది కూర్చొని

మరుసటి సంవత్సరం మేము ఒక కాగితం మీద పనులన్నీ రాసుకొని పంచుకున్నాము. పిండి మరకు, దర్జీ దగ్గరకు వెళ్లడం ఆయన పని. కేరల్స్ వారికి టీ పెట్టడం పెద్దబ్బాయి వంతు. పిండివంటలు ఆరు నుండి రెండుకు తగ్గించాము. నాటిక వేషాలు ఇంకొక టీచరు గారు చూసుకున్నారు. రాత్రి భోజనం కాగానే "అమ్మా, మాత్ర" అని గుర్తుచేసే పని చిన్నమ్మాయిది. ఆ ఏడు నాటికను నేను ముందు వరుసలో కూర్చొని మొదటి నుండి చివరి వరకు చూశాను.

ఆలోచించండి:

1. ఈ పండుగలో మన ఇంట్లో ఎక్కువ పని ఎవరి మీద పడుతోంది? ఆమె చివరిసారి బి.పి., షుగరు ఎప్పుడు చూపించుకున్నారు?
2. మానివేసినా పండుగకు లోటు రాని పని ఏది?
3. సంఘంలో ఒక్కరే మోస్తున్న బాధ్యతను మనం ఎలా పంచుకోగలము?

ప్రార్థన: ప్రభువా, నీ పుట్టుక పండుగను సంతోషంగా చేసుకోవడానికి మాకు సహాయము చేయుము. మా కొరకు కష్టపడే తల్లుల అలసటను చూచే కన్నులు మాకు దయచేయుము. నీవిచ్చిన శరీరమును నిర్లక్ష్యము చేయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.