వెదురు విల్లు

కరీంనగరమునుండి పెద్దపల్లికి పోవు బాటలో సుల్తానాబాదు ఉన్నది. పూర్వము కరీంనగరు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016లో పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఇచ్చట వెదురనగానే మేదరులు అల్లు గంపలు, చాటలు జ్ఞప్తికి వచ్చును. తూర్పుగా మంథని దాటి మహాదేవపూరు చేరినచో అడవి ఎదురగును. గోదావరి, ఇంద్రావతి నదులకు ఆవల బస్తరు కొండలు. అచ్చటి గోండులకు వెదురనగా విల్లు. తరతరములుగా వారు వెదురుబద్దతోనే విండ్లు చేసికొనిరి. అల్లెత్రాటికి బదులు వెదురు చీలికనే కట్టుట కూడ కలదు.

వేటగానికి విల్లు విరుగుట సామాన్యమైన నష్టము కాదు. ఆ పూట కూడు పోవుటయే గాక, లాగి పట్టిన బద్ద తునిగి ముఖమునకే తగులవచ్చును. చూచువారికి బద్దను నిప్పుపై వంచుటయే గొప్ప విద్యగా తోచును. నిజమునకు వింటి బలాబలములు నిప్పు రాజేయుటకు కొన్ని నెలల ముందే తేలిపోవును.

వెదురు మానువలె కనబడినను గడ్డిజాతికి చెందినది. ఒక్క వానకాలములోనే దాని పొడవు ఎదుగుదల ముగియును. గట్టిపడుటకు మాత్రము మూడేండ్లు పట్టును. కావున లేత గడ ఎంత పొడవైనను వింటికి పనికిరాదు. రాతినేలలో నీటికి కటకటపడి పెరిగిన సాధనపు వెదురు లోపల బోలు తక్కువై దిట్టముగా నుండును. చలికాలమున నరుకుట మేలు. అప్పుడు గడలో పిండిపదార్థము తక్కువ. పిండి యున్నచోటనే పుచ్చుపురుగు చేరును.

పచ్చి గడలో నీరు రెండు విధములుగా నుండును. కొంత నీరు లోపలి సన్నని నాళములలో నిలిచియుండును. కొంత కణముల గోడలలో ఇంకియుండును. మొదటిది త్వరగానే పోవును గాని, అంతమాత్రమున బలము హెచ్చదు. గోడలలోని నీరు తగ్గనారంభించినప్పుడే కొయ్య కుదించుకొని బిగియును. ఎండుకొయ్య బరువులో నూటికి సుమారు 30 పాళ్ళ తేమ యున్నప్పుడు ఈ మార్పు మొదలగును. వింటి కొయ్య 10 పాళ్ళ చెంతకు దిగవలెను. తొందరపడి ఎండలో పెట్టినచో పైపొర ముందుగా ఆరి కుంచించుకొనును. లోపలిది పచ్చిగానే యుండును. ఆ పెనుగులాటలో గడ నిలువున పగులును. అందుచేత గడను బద్దలుగా చీల్చి, గాలియాడు నీడలో నెలల తరబడి ఆరనీయవలెను. వారమున కొకమారు తూచి చూచినచో, బరువు తగ్గుట నిలిచినప్పుడు బద్ద ఆరినట్లు తెలియును.

పిదపనే నిప్పు. మంట కూడదు, కణకణలాడు బొగ్గులు కావలెను. బద్దకు నూనె పూసి, మాడకుండ త్రిప్పుచు కాచవలెను. కొయ్యలో నారలను ఒకదానితో నొకటి అంటించియుంచు లిగ్నిన్ అను పదార్థము వేడికి మెత్తబడి, చల్లారగానే బిగియును. లక్క గాజులు చేయుట చూచినవారికి ఇది వింత గాదు. మెత్తబడిన బద్దను మేకుల నడుమ ఇరికించి మెల్లగా వంచి, చల్లారువరకు కదలనీయరాదు. వంకర గడను తిన్నగా చేయుటకును ఇదే ఉపాయము.

వంచిన వెంటనే విల్లు ఎక్కుపెట్టరాదు. నిప్పు సెగకు అతిగా ఆరిన బద్ద గాలిలోని తేమను కొంత తిరిగి పీల్చుకొనుటకు కొన్ని దినములు ఊరకుండవలెను. లేనిచో పుటుక్కున విరుగును. తేమ మిగిలిన బద్ద విరుగదు. కాని త్రాడు విప్పినను వంగియే యుండి, బాణమును నీరసముగా విడుచును. ఈ రెండవ దోషమే ఎక్కువ మోసకరము. విరిగిన విల్లును ఎవడైనను పారవేయును గదా!

త్రాడు లాగినప్పుడు వింటి వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము అణగును. వెదురు చర్మము చెంత నారలు మిక్కిలి దట్టము. కావున చర్మము వెలుపలికి వచ్చునట్లు చేసిన విల్లు లాగుడును బాగుగా ఓర్చును. పిడికిట పట్టు వింటి నడిమికి లస్తకమనియు, త్రాడు తగిలించు కొనకు అటని యనియు అమరకోశము పేర్లు చెప్పుచున్నది. మన పూర్వులు వింటిని ఎంత నిశితముగా పరిశీలించిరో ఈ పేర్లే చెప్పును.

అమెరికా ఖండమున హికరీ అను చెట్టు కలదు. అది అక్రోటు కుటుంబములోనిది. దాని కొయ్య సులభముగా విరుగదు గాని, గాలిలోని తేమను పీల్చి మెత్తబడు గుణము గలది. అందుచే అక్కడి విలుకాండ్రు దానిని 10 పాళ్ళకంటె తక్కువకే ఆరబెట్టుదురు. పెద్ద వంపులు కావలసినచో ఆవిరి పట్టుదురు; అంగుళము మందమునకు సుమారు గంట. ఆవిరి పట్టినది మరల ఆరవలసినదే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటకు అడ్డుకట్ట వేసినది. 1920 తరువాత ఒలింపిక్ క్రీడలలో కానరాని విలువిద్య మరల మ్యూనిక్ నగరమున చేరినదియు ఆ 1972లోనే. ఆ మైదానములలో నేడు కనబడునవి కార్బన్ నారతో చేసిన విండ్లు. మన జాతీయ పోటీలలో మాత్రము ఇండియన్ రౌండ్ అను విభాగమున బాలబాలికలు వెదురు విండ్లతోనే గురి చూచుచున్నారు.