గుమ్మానికి బంతి తోరణం – కార్తె చూసి నారు పోస్తే లెక్క తప్పుతుంది

పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతే, దీపావళి అమావాస్యకు నెల నిండుతుంది. ఈ నెలరోజుల్లో బంతిపువ్వు లేని గడప పల్లెలో గానీ పట్నంలో గానీ కనబడదు. బతుకమ్మ పేర్చేందుకు బంతి, దసరాకు వాకిలి తోరణానికి బంతి, ఆయుధపూజకు ట్రాక్టరుకూ బోరు స్టార్టరుకూ బంతి, దీపావళికి దుకాణం గల్లాపెట్టెకు బంతి. బోరు కింద పది గుంటల చెల్క ఉన్న రైతుకు కూడా ఈ నెలలో నాలుగు పైసలు చేతికొస్తాయి. అయితే మక్కలు ధర లేకపోతే ఆరబోసి నెలరోజులు ఆపుకోవచ్చు. బంతి ఆగదు. పండుగ ముందురోజు ఎగబడి కొన్నవాళ్లే మర్నాడు మొహం చూడరు. అందుకే ఈ పంటలో ఎరువుల కంటే, మందుల కంటే తేదీ ముఖ్యం.

పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి

మన రైతులు కార్తెలను బట్టి విత్తుతారు. కార్తెలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో ఉంటాయి. పండుగలు చంద్రుణ్ణి బట్టి వస్తాయి, కాబట్టి జరుగుతుంటాయి. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న పడింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందున అక్టోబరు 20. ఒక ఏడు బాగా కలిసొచ్చిందని మరుసటేడు అదే కార్తెలో నారు పోస్తే పద్దెనిమిది రోజులు తేడా కొట్టే అవకాశం ఉందన్నమాట. ఆ పద్దెనిమిది రోజుల్లో మొదటి నిండు కోత అంతా మామూలు ధరకే పోతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. నారుమడిలో 25 నుంచి 30 రోజులు. నాటాక తల తుంచిన మొక్కకు మొదటి పూలు రావడానికి 55 నుంచి 60 రోజులు. మొదట్లో పువ్వు పలచగా వస్తుంది. చేను నిండుగా విరగబూయడానికి ఇంకో పది రోజులు వేసుకోండి. అంటే దసరాకు 95–100 రోజుల ముందు గింజ మడిలో పడాలి. అప్పుడు తొలి కోతలు బతుకమ్మకు, నిండు కోత దసరాకు అందుతాయి. దసరా అక్టోబరు 20 అయితే జులై 12–17 మధ్య, అంటే పునర్వసు కార్తెలో పోయాలి. అక్టోబరు 2 అయితే ఆరుద్రలోనే పోయాల్సి ఉంటుంది.

రకం మారితే ఈ లెక్క కూడా మారుతుంది. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారంగి, పూసా బసంతి మంచి ముద్దబంతులే గానీ, విత్తిన నాటి నుంచి పూతకు నాలుగు నెలలు దాటుతుంది. హైబ్రిడ్ ప్యాకెట్టు కొంటే దానిమీద పూతకు ఎన్ని రోజులని రాశారో చూడకుండా డబ్బు కట్టవద్దు. వేరు పట్టిన కొమ్మ నారు తెచ్చుకునేవారు మడి రోజులు తీసేసి, నాటిన రోజు నుంచే లెక్క వేసుకోవాలి.

ఇంకొక మాట. పది గుంటలూ ఒకేరోజు నాటవద్దు. ఆరు గుంటలు దసరాకు, మిగతా నాలుగు గుంటలు పదిహేను రోజులు ఆగి దీపావళికి నాటుకోండి. దసరా మర్నాడు ధర పడినా గుండె జారదు.

పది గుంటలకు

నీరు నిలవని ఎర్ర చెల్కలు, గరప నేలలు బాగుంటాయి. నల్లరేగడి అయితే బోదెలు ఎత్తుగా పోసి నాటాలి. వానకు రెండు రోజులు నీరు నిలిస్తే మొదలు కుళ్లి మొక్క వడలిపోతుంది. మొక్కకు మొక్క అడుగున్నర, సాలుకు సాలు రెండడుగులు పెడితే పది గుంటలకు సుమారు 3,600 మొక్కలు పడతాయి. రెండున్నర టన్నుల పశువుల ఎరువు, 10 కిలోల యూరియా, 56 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 12 కిలోల పొటాష్ దుక్కిలో వేయాలి. నాటిన 45 రోజులకు మరో 10 కిలోల యూరియా వేసి మట్టి ఎగదోయాలి.

నాటిన 25–30 రోజులకు తల తుంచడం మరవవద్దు. పచ్చగా ఎదిగే మొక్కను గిల్లేయాలంటే చాలామందికి చెయ్యి రాదు. కానీ తుంచకపోతే మొక్క నిటారుగా పెరిగి నాలుగు పూలు పూస్తుంది. తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది.

ఎండు వాతావరణంలో ఎర్రనల్లి ఆశిస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, ఆకుమచ్చకు 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. కోతలు మొదలయ్యాక మాత్రం మందు డబ్బా పక్కన పెట్టండి. ఆ పువ్వును ఆడవాళ్లు, పిల్లలు గంటల తరబడి చేతుల్లో పెట్టుకుని పేరుస్తారు, తోరణం కడతారు.

కోత, తోరణం

కోతకు ముందురోజు తడి ఇవ్వాలి. మంచు ఆరాక పొద్దున్నే, లేదా చల్లబడ్డాక సాయంత్రం కోయాలి. తడి పువ్వును సంచిలో కుక్కితే హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్టు చేరేలోపే నల్లబడుతుంది. వెదురు గంపల్లో వదులుగా నింపి పైన తడిగుడ్డ కప్పాలి.

ఊరికి దగ్గరలో పట్నం ఉంటే పువ్వంతా కిలోలెక్కన వదిలించుకోకుండా కొంత తోరణాలు కట్టి మూరలెక్కన అమ్మి చూడండి. కాడ కిందుగా కాకుండా పువ్వు కింది ఆకుపచ్చ గిన్నెలో అడ్డంగా సూది గుచ్చితే రేకలు రాలవు. పసుపు, నారింజ పూలు మార్చి మార్చి గుచ్చి, మధ్యమధ్య మామిడాకు మడిచి వేస్తే దూరం నుంచే కళ వస్తుంది. ప్లాస్టిక్ తోరణాలు ఎన్ని వచ్చినా పండుగ పొద్దున గుమ్మానికి పచ్చి బంతి కావాలనే ఇళ్లే ఇంకా ఎక్కువ.

గట్లమీద గునుగు, తంగేడు ఉంటే గడ్డిమందు కొట్టి తగలబెట్టకండి. బతుకమ్మ వేళ వాటినీ కట్టలుగా కొంటారు. బంతి మడికి ఒక పక్క రెండు సాళ్లు పట్టుకుచ్చులు వేసుకుంటే ఇంటి బతుకమ్మకు కొనే పని ఉండదు.

దీపావళి అయ్యాక దేశవాళీ బంతి అయితే పెద్ద పూలను చెట్టుమీదే ఎండనిచ్చి, నీడలో ఆరబెట్టి విత్తనం దాచుకోవచ్చు. హైబ్రిడ్ గింజ దాచుకోవద్దు, వచ్చే ఏడు పువ్వు ఒక్క తీరుగా రాదు.