చావని చేప లెక్క

మెకానికల్ వాళ్లకి చేపలతో పనేంటి అని అడగకండి. నేను రాస్తున్నది బ్రేక్ ప్యాడ్ గురించే. కాకపోతే కథంతా వాగు నీళ్లలో నడుస్తుంది.

బ్రేక్ ప్యాడ్‌లో రాగి ఎందుకు కలుపుతారు? అది వేడిని త్వరగా లాగేస్తుంది, ప్యాడ్ పట్టు సడలకుండా చూస్తుంది, చప్పుడు తగ్గిస్తుంది. కానీ బ్రేక్ వేసిన ప్రతిసారీ ప్యాడ్ కొంచెం అరుగుతుంది. ఆ పొడి రోడ్డు మీద పడుతుంది. వాన వస్తే కాలువల్లోకి, అక్కడి నుంచి వాగుల్లోకి చేరుతుంది.

అమెరికా వాయవ్య తీరంలో, సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. పిల్లలు సముద్రానికి వెళ్లేముందు సుమారు ఏడాదిపాటు ఆ మంచినీళ్లలోనే పెరుగుతాయి. అంటే రోడ్డు మీది రాగి వాటి పసితనంలోనే వచ్చి కలుస్తోందన్నమాట.

ఆ వయసులో చేపపిల్లకి ముక్కే కాపలా. వేటచేప ఒక పిల్లని కొరికితే, చిరిగిన చర్మం నుంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది. ఆ వాసన తగలగానే మిగతా పిల్లలు కదలకుండా ఆగిపోతాయి. ఇలాంటి హెచ్చరిక వాసన గురించి 1938లోనే కార్ల్ వాన్ ఫ్రిష్ మిన్నో అనే చిన్నచేపల్లో గమనించి రాశాడు.

చిక్కేంటంటే, వాసన పట్టే నాడీకణాల కొసలు నేరుగా నీటికి తగులుతూ ఉంటాయి. నీళ్లలో రాగి ఉంటే తొలి దెబ్బ వాటికే. 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో కోహో పిల్లల్ని రాగి కలిపిన నీళ్లలో 3 గంటలు ఉంచారు. లీటరుకు 2 మైక్రోగ్రాముల దగ్గరే వాటి వాసన శక్తి తగ్గింది. హెచ్చరిక వాసన వచ్చినా అవి మామూలుగా ఆగాల్సినట్టు ఆగలేదు. 2012లో వచ్చిన మరో ప్రయోగంలో, రాగి నీళ్లలో ఉన్న పిల్లలు కట్‌త్రోట్ ట్రౌట్ అనే వేటచేపకి తేలిగ్గా దొరికిపోయాయి.

2 మైక్రోగ్రాములంటే ఎంతో ఊహించుకుందాం. 5 వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 200 తెచ్చి, అన్నింటికీ కలిపి 2 గ్రాముల రాగి వేస్తే అంత! మనం తాగే నీళ్లలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే దీనికి వెయ్యి రెట్లు.

విషాన్ని కొలిచే పాత పద్ధతి ఒకటుంది: ఎల్‌సీ50. అంటే పరీక్షలో సగం చేపలు చనిపోయే మోతాదు. ఆ పరీక్ష పెడితే మన కోహో పిల్లలు పాసైపోతాయి. బతికే ఉన్నాయి, ఈదుతూనే ఉన్నాయి, భయపడటం ఒక్కటే తగ్గింది. తర్వాత వాటిని ట్రౌట్ తినేస్తే ఆ చావు రాగి ఖాతాలో పడదు. నన్ను ఆపేసిన విషయం ఇదే. చావుల్ని మాత్రమే లెక్కపెడితే, ప్రవర్తనలో జరిగే నష్టం మన గ్రాఫులోకే రాదు.

వాషింగ్టన్ రాష్ట్రం 2010లో ఒక చట్టం చేసింది. కొత్త బ్రేక్ ప్యాడ్లలో రాగి 2021 నుంచి 5 శాతానికి, 2025 నుంచి 0.5 శాతానికి మించకూడదని దాని సారాంశం. వాగుని శుభ్రం చేయడం కన్నా ప్యాడ్ ఫార్ములా మార్చడం తేలికని వాళ్లు గ్రహించారు. ఆ మార్చే పని బయాలజీ వాళ్లది కాదు, మనదే.

అందుకే మెటీరియల్ సెలెక్షన్ పట్టికలో బలం, బరువు, ధర పక్కన నేను ఇంకో కాలమ్ గీస్తున్నాను: 'అరిగాక ఎక్కడికి పోతుంది?' మీరూ గీసి చూడండి. నింపడం అనుకున్నంత సులువు కాదు.