ఆకలి పక్షాన అడుగుట

మయుడు నిర్మించిన సభలో ధర్మరాజు కొలువుదీరి ఉండగా నారద మహర్షి విచ్చేసిన ఘట్టం సభాపర్వంలో ఉన్నది. నేల నీరువలె, నీరు నేలవలె తోచే ఆ సభా వైభవాన్ని మహర్షి ముందుగా ప్రశంసిస్తాడని మనం అనుకొంటాము. అలా జరుగలేదు. అర్ఘ్యపాద్యాలు స్వీకరించి, ఆయన రాజును ప్రశ్నించడం ఆరంభించినాడు. నీ రాజ్యంలో చెరువులు తగిన చోట్ల, నిండుగా ఉన్నవి కదా? సేద్యం కేవలం వానమీదనే ఆధారపడి లేదు కదా? కర్షకునికి విత్తనమూ తిండిగింజలూ కొరతపడలేదు కదా? స్వల్పమైన వడ్డీకి అతనికి అప్పు దొరుకుతున్నది కదా? ఇలా ప్రశ్న వెనుక ప్రశ్న.

విద్యార్థులకు ఈ ఘట్టాన్ని చాలాకాలం రాజనీతి పాఠంగానే చెప్పినాను. రాజు ఏమేమి చేయాలో తెలిపే పట్టిక అనుకొన్నాను. అడుగుతున్నది ఎవరు అన్న విచారణ నాకు ఆలస్యంగా కలిగింది. నారదునికి పొలం లేదు, పంట లేదు, సంసారం లేదు. తనకోసం అడుగవలసినది ఒక్కటీ లేదు. సభలోనికి రాలేని కర్షకుని పక్షాన, రాజు ముఖం చూచి అడుగుతున్నాడు. ఇదియును ధర్మాచరణమే. మనం అన్నదానాన్ని గురించి విన్నంతగా దీనిని గురించి వినలేదు.

వానే తల్లిగా గల నేలను సంస్కృతంలో దేవమాతృకమంటారు. నదే తల్లిగా గలది నదీమాతృకం. బేతంచెర్ల చుట్టుపట్ల నాపరాతి నేలలను చూచినవారికి మనది ఏదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తల్లి మొగము చాటువేసిన సంవత్సరాలు మన సీమకు కొత్తవి కావు. 1866లో కరువు వచ్చింది. పంచాంగంలో ఆ యేడు పేరు అక్షయ. పేరుకూ అనుభవానికీ పొంతన లేదు. అప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు తమ ధాన్యమంతా బయటపెట్టి, ప్రతిదినం వేలమందికి గంజీ అన్నమూ పోయించినారు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. పతకం మాట అటుంచి, నేటికీ ఆయన పేర జనం పాట పాడుతున్నారు. అది పెద్ద బిరుదు.

పదేండ్లు తిరిగేసరికి ధాత నామ సంవత్సరంలో, అనగా 1876లో, అంతకుమించిన క్షామం వచ్చి 1878 దాకా విడువలేదు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నవి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాల్గవ వంతు తగ్గిపోయినారు. ఇంత క్షామానికి ఏ ఒక్క దాత గాదెలు చాలుతవి?

ఆనాటి వాదమొకటి మన అంశానికి మిక్కిలి దగ్గరిది. క్షామనివారణ పనులను పరిశీలించడానికి 1877 ఆరంభంలో ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. అంతకు మూడేండ్ల ముందు బీహారు కరువులో ఆయన ఉదారంగా ఖర్చుపెట్టి జనాన్ని బ్రతికించి, దుబారా చేసినాడని పై వారిచేత మాటపడినవాడు. ఇక్కడికి వచ్చి ఆ నింద తొలగించుకొనదలచినాడు కాబోలు. దినమంతా రాళ్లు కొట్టి మట్టి మోసే మగవానికి కూలి ఒక పౌను ధాన్యమూ, ఒక అణా అని నిర్ణయించినాడు. పౌను అంటే 450 గ్రాములు. స్త్రీలకూ పిల్లలకూ ఇంకా తక్కువ. దీనిని ఎదిరించి నిలిచినవాడు ఆ ప్రభుత్వంలోనే ఉద్యోగి, మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అనే వైద్యుడు. కష్టపడే శరీరానికి పౌనున్నర ధాన్యం, దానితో పప్పు, కూరగాయలు ఉంటేగాని ప్రాణం నిలువదని ఆయన వాదించినాడు. ఆవేశంతో కాదు, తూకాలతో వాదించినాడు. అదే సంవత్సరం మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొలతను పౌనుంబాతికకు పెంచి, కొంత పప్పు చేర్చింది. అడిగినదంతా రాలేదు. ఆలోగా పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. అయినను ఆ పావు పౌను ఒక్కరి ఇంటి గాదెనుండి వచ్చినది కాదు. పనికి వచ్చిన ప్రతివాని చేతికీ అందవలసిన కొలతగా మారింది.

నేడు కొలత చట్టంలోనే ఉన్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హత గల కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డు గల కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుండి ఈ ధాన్యం ఉచితం. గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేండ్ల లోపు పిల్లలకూ అంగన్‌వాడీ ఆహారం, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం కూడ ఆ చట్టంలోనివే. రావలసిన ధాన్యం ఇవ్వకపోతే బదులుగా భత్యం చెల్లించాలన్న నియమమున్నది. ఫిర్యాదు వినడానికి జిల్లాకొక అధికారి, రాష్ట్రానికొక ఆహార కమిషన్ ఉండాలన్నది. ఇవి దయాధర్మపు మాటలు కావు, హక్కులు. తెలియనివానికి మాత్రం ఉన్నా లేనట్లే.

ఇక నా అజ్ఞానం ఒకటి చెప్పుకోవాలి. కొంతకాలం క్రితం ఒక ఆదివారం అన్నదాన పంక్తిలో నా ప్రక్కన ఒక వృద్ధురాలు కూర్చున్నది. విస్తరిలో సగం తిని, మిగిలినది డబ్బాలో సర్దుకొంటున్నది. ఎవరికమ్మా అని అడిగితే, "మనవడికి సామీ. ఈపొద్దు బడి ల్యాదు గదా" అన్నది. బియ్యం రావడం లేదా అన్నాను. చేతులు చాపి చూపించింది. పాలిష్ ఫ్యాక్టరీలో యేండ్ల తరబడి బండలు పట్టిన చేతులవి; వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయినవి. "ఏలిముద్ర పడల్యా. మూన్నెల్లాయ" అన్నది. నేను జాలిపడి కొంత రొక్కం చేతిలో పెట్టి, పుణ్యం చేసినానన్న తృప్తితో చేయి కడుగుకొన్నాను.

వడ్డన చేస్తున్న డిగ్రీ విద్యార్థి ఒకడు ఆమె వద్దకు వచ్చి కూర్చుని, నేను అడుగవలసినవి అడిగినాడు. కార్డులో ఎందరి పేర్లున్నవి? ఏ ఏ నెలలు రాలేదు? కంటిపాపతో సరిచూచే యంత్రం పెట్టినారా? వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు ధాన్యం నిరాకరించరాదని కేంద్ర ప్రభుత్వం 2017లోనే ఆదేశించిందని ఆ కుర్రవాడు చెప్పేదాకా నాకు తెలియదు. అర్జీ నేను వ్రాస్తానన్నాను. "మహారాజరాజశ్రీ" అని ఎత్తుకొని, విశేషణాలతో నాలుగు పంక్తులు నింపినాను. అతడు వినయంగానే ఆ నాలుగూ కొట్టివేసి, పేరు, కార్డు సంఖ్య, రాని నెలలు, రావలసిన కిలోలు, కోరే పరిష్కారం మాత్రం ఉంచినాడు. ఆమె అనుమతి అడిగి వేలిముద్ర వేయించినాడు. అది కాగితంమీద పడింది.

కనుక దాతలకూ యాత్రికులకూ నా మనవి ఇది. మీ ఊరి దేవాలయంలో పురాణ కాలక్షేపం ముగిసిన తరువాత పావుగంట దీనికి కేటాయించండి. పైన చెప్పిన కొలతలు చదివి వినిపించండి. ఎవరికి ఏ నెల ఎంత తగ్గిందో ఒక పుస్తకంలో వ్రాయండి; వారు ఒప్పుకొంటేనే పేరు బయట చెప్పండి, ఆకలి కంటె సిగ్గు ఎక్కువ బాధించే ఇండ్లు ఉంటవి. ముందు దుకాణంలో మర్యాదగా అడగండి. డీలరును దొంగ అనవద్దు, యంత్రం మొరాయిస్తే అతడును నిస్సహాయుడే కావచ్చును. అక్కడ తేలకపోతే 1967కు ఫోను చేయండి, లేదా సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మన పడమటి మండలాలనుండి మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయేవారికి, కార్డు అక్కడి దుకాణంలోనూ చెల్లుతుందని బయలుదేరకముందే చెప్పండి.

ఆ వృద్ధురాలికి మరుసటి నెలనుండి కంటిపాప గుర్తింపుతో బియ్యం వస్తున్నవి. పోయిన మూడు నెలల భత్యం సంగతి ఇంకా తేలలేదు. రసీదు నా పంచాంగంలో భద్రంగా ఉన్నది. వచ్చే సోమవారం ఆ కుర్రవానితో కలిసి మళ్లీ నంద్యాల పోవలసి ఉన్నది.