పాతబాకీలకు కాలదోషము

దీపావళినాడు కొత్త పద్దుపుస్తకము తెరచి, పాత బాకీలను అందులోనికి దింపుకొనుట మన వర్తక కుటుంబాలలో తరతరాల ఆచారము. కొత్త పుస్తకములోనికి ఎక్కినది గనుక బాకీ కూడా కొత్తదైనదని మనలో పలువురు అనుకొందురు. చట్టము అట్లు అనుకొనదు. మన పుస్తకములో మనమే వ్రాసుకొన్న నిలువవలన గడువు ఒక్క రోజైనను పెరుగదు. బాకీదారు సంతకము కావలెను.

1963వ సంవత్సరపు లిమిటేషన్ చట్టము 1964 జనవరి 1 నుండి అమలులో నున్నది. గడువు మాట లేకుండ అరువిచ్చిన సరుకు వెలకు, సరుకు అప్పగించిననాటి నుండి మూడేండ్లలో దావా వేయవలెను. గడువు ముందే చెప్పుకొన్నచో అది తీరిననాటినుండి లెక్క.

బళేపేట పేరుకు గాజులపేటయే గాని, ఇప్పుడక్కడ దొరకని సరుకు అరుదు. అక్కడి అంగడినుండి హిందూపురపు వర్తకుడొకడు 2022 ఏప్రిల్ 10న 84,000 రూపాయల సరుకు అరువు తీసుకొన్నాడనుకొందము. 2025 ఏప్రిల్ 10 దాటినచో ఆ బాకీకి కాలదోషము పట్టును. అంతకు ముందే, ఫిబ్రవరి 5న, అతడు బాకీని ఒప్పుకొని సంతకము చేసియుండినచో 2028 ఫిబ్రవరి 5 వరకు దావాకు వీలున్నది. కొంత సొమ్ము చెల్లించినను ఇదే ఫలము; కాని ఆ చెల్లింపు అతని చేవ్రాతలోగాని సంతకముతోగాని ఉండవలెను. అతడు సంతకము చేసిన చెక్కు అందుకు చాలును. పల్లెలలో నోటు వెనుక చెల్లు వేయించుటలోని రహస్యమిదే. చదువు లేని రైతులెరిగిన ఈ సంగతి పెద్ద అంగళ్లవారు మరచుట వింతయే.

కాలదోషము పట్టినను బాకీ చావదు. కోర్టుకు పోవు దారి మాత్రము మూసికొనును. అతడు తనంతట ఇచ్చినచో పుచ్చుకొనవచ్చును. ఆ తరువాత "బాకీ ఉన్న మాట నిజమే" అని వ్రాసియిచ్చిన చాలదు. "చెల్లింతును" అని స్పష్టముగా వ్రాసి సంతకము చేసినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము అది చెల్లును.

ఇక పద్దుల విలువ. క్రమముగా వ్రాసిన చిట్టా ఆవర్జాలు సాక్ష్యమే, కంప్యూటరు పద్దులైనను సరే. కాని అవి మాత్రమే చూపి ఎవరిమీదను బాకీ మోపరాదు. పాత సాక్ష్యచట్టములోని ఈ నియమము 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచినది. విడికాగితములు పద్దుపుస్తకము కావని సుప్రీంకోర్టు 1998లో చెప్పినది. కనుక బిల్లు, సరుకు ముట్టినట్లు రసీదు, లారీ చీటీ జతపరచి దాచవలెను.

ఒప్పుదల వ్రాయించుటకు పెద్ద దస్తావేజు అక్కరలేదు: "ఫలానా తేదీకి మా వలన మీకు రావలసినది 84,000 రూపాయలు సరియే" అని, క్రింద సంతకము, తేదీ. బాకీదారు భాగస్వామ్య సంస్థయైనచో, సంస్థ తరఫున సంతకము చేయు అధికారము కలవానిచేతనే చేయించవలెను. ఒక భాగస్వామి ఒప్పుకొన్నంతమాత్రమున తక్కినవారు కట్టుబడరు.