మూడు తరముల భోజనము

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూనది పారు సీమలో నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణములు కలవు. ఆ చుట్టుపట్ల పల్లెలలో ఒక్కొక్క యింట మూడు తరముల వారిని చూచినచో ఒక వింత గోచరించును. తాత బక్కపలుచని మనిషి. కుమారునకు నడివయస్సున బొజ్జ పెరిగినది. మనుమడు బడి యీడుననే స్థూలకాయుడయ్యెను.

ఇది ఒక యింటి ముచ్చట కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున అధిక బరువు గల స్త్రీలు 2015-16లో 20.6 శాతము, 2019-21 నాటికి 24 శాతము. పురుషులలో ఆ సంఖ్య 18.9 నుండి 22.9కి పెరిగినది.

దేహతత్త్వము కొంతవరకు తలిదండ్రుల నుండి సంక్రమించును. కాని రెండు మూడు తరములలో రక్తగుణము అంతగా మారదు. మారినది జీవనవిధానము.

తాత కాలమున మెట్టపల్లెలలో జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంకటి నిత్యాహారము. వరియన్నము పండుగనాటి భోజనము. పురుషులు నాగలి వెంట నడచిరి. స్త్రీలు తిరుగలి విసరి, రోకలి పట్టి, బావినీరు మోసిరి. తిన్నది పనిలో కరగిపోయెను. పిమ్మట కాలువలు, బోరుబావులు, పిండిమరలు వచ్చెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదల యిండ్లకు చేరెను. అది ఆకలిని తీర్చిన మేలు, దానిని నిందింపరాదు. కాని పని తగ్గినను అన్నపురాశి తగ్గలేదు. మనుమని కాలమున నూనె, చక్కెర నిండిన పొట్లపు తినుబండారములు అంగడి ముంగిట వ్రేలాడుచున్నవి. ఆటస్థలమునకు బదులు చరవాణి, నడకకు బదులు వాహనము, నిద్రకు బదులు జాగరణము వచ్చెను.

కంటికి కానరాని మరియొక కారణమును కలదు. 1944-45 చలికాలమున యుద్ధము వలన నెదర్లాండ్సులో తీవ్రమైన కరవు వచ్చెను. తల్లి కడుపున తొలి నెలలలో ఆ కరవుకు గురియైన బాలురు పందొమ్మిదేండ్ల వారైనపుడు, వారిలో స్థూలకాయులు ఇతరులకంటె అధికముగా నుండిరని 1976లో ప్రకటింపబడెను. గర్భముననే ఆకలి నెరిగిన దేహము దొరికినదానిని కూడబెట్ట నేర్చుననియు, సమృద్ధి వచ్చినపుడు ఆ నేర్పే కీడగుననియు కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పలుమారులు కరవులు చూచిన రాయలసీమకు ఇది ఆలోచింపదగిన సంగతి.

కావున స్థూలకాయము కేవలము తిండిపోతుతనము కాదు. తరగతిలో లావైన బాలుని పరిహసించువాడు, ఆ బాలుడు చేయని తప్పునకు అతనిని శిక్షించుచున్నాడు. పరిహాసము వలన బరువు తగ్గదు; మనస్సు మాత్రము క్రుంగును.

చేయదగిన పనులు వేరు కలవు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము సూర్యనంది వంటి కొర్ర రకములను రూపొందించినది. తాత తిన్న ధాన్యము మరల పళ్ళెమునకు రావచ్చును. కొర్రయైనను మితిమీరి తినరాదు. పప్పు, ఆకుకూరలు, ప్రతిదినము ఆట, చాలినంత నిద్ర అవసరము. అన్నిటికంటె ముఖ్యముగా ఇంటి ఆడపిల్లకు కడుపునిండ మంచి భోజనము పెట్టవలెను. నేటి బాలికయే రేపటి తల్లి. ఆమె పళ్ళెములో రాబోవు తరపు ఆరోగ్యము కలదు.