బందరు రేవు – పరదేశీయుల కోట

మన బొల్లాపల్లి చుట్టును కొండలు, అడవులు. సముద్రమును కన్నులార చూడని బాలబాలికలు మనలో పెక్కుమంది కలరు. అయినను తూర్పుతీరమున, నిజాంపట్టణము మొదలు మచిలీపట్టణము వఱకు, పరదేశీయుల ఓడలు శతాబ్దముల కాలము లంగరు దించినవి.

డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. ‘గ్లోబు’ అను ఓడపై ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. ఫ్రెంచివారు 1669లో చేరిరి. అప్పుడా రేవు గోలకొండ సుల్తానులది. దొరలు అధికారులకు కానుకలిచ్చి, ఫర్మానా పొంది, వ్యాపారము చేసికొనవలసినదే. తలచినచోట కోట కట్టుటకు వీలు లేకుండెను. ఆంగ్లేయులు ఈ యిబ్బంది పడలేక 1626లో దక్షిణమున దుగరాజపట్టణమునకు పోయి, అచ్చట ఫిరంగులు నిలుపుకొనిరి.

వచ్చినవారు మనవారిపై ఎంతగా ఆధారపడిరో చూడుడు. బందరు వద్ద సముద్రము లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరముననే ఆగును. పల్లెవారి పడవలు పోనిదే ఒక్క మూట ఒడ్డు చేరదు. దుబాషీ లేనిదే బేరము కుదరదు. నిజాంపట్టణపు చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన గుడ్డలను డచ్చివారు జావా మున్నగు దీవులకు కొనిపోయి, వానికి మారుగా మిరియములు, లవంగములు తెచ్చుకొనిరి. నేతగానికి చేతినిండ పని దొరకెను. కాని ముందుగా బయానా పుచ్చుకొన్నవాడు ఆ గుడ్డను వేఱొకరికి అమ్ముకొనలేడు. లాభమును బంధమును ఒక్క మగ్గముపైననే నేయబడినవి.

మన కాలమున డీగో గార్సియా ద్వీపమును నౌకాస్థావరము చేయుటకై, 1968–1973 నడుమ చాగోసు దీవుల ప్రజలను బ్రిటిషు ప్రభుత్వము ఇండ్లు విడిపించి మారిషసు, సీషెల్సులకు తరలించెను. బందరువారికి ఆ గతి పట్టలేదు. వారి పడవలు, మగ్గములు లేక దొరలకు పూట గడవదు గదా!

నైజాము రాజ్యమున వారసత్వపు తగవులు పుట్టగానే పరిస్థితి తాఱుమాఱయ్యెను. 1750లో ఫ్రెంచివారు బందరును ఆక్రమించి కోటను బలపఱచిరి. విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు వారిపై కోపముతో ఆంగ్లేయులను పిలిపించెను. ఒక పరదేశిని తఱుముటకు మఱియొక పరదేశిని పిలుచుట వివేకమని నేననజాలను. 1759 ఏప్రిలు 7వ తేది రాత్రి కర్నల్ ఫోర్డు సేనలు చీకటిలో కోటపైబడినవి. రాజుగారి భటులు ఒకవైపున, బురదనేల దాటిన దండు వేఱొకవైపున అలజడి చేయుచుండ, అసలు సేన ఇంకొక బురుజు నెక్కెను. తెల్లవాఱునప్పటికి ఫ్రెంచివారు లొంగిరి. సలాబతుజంగు సైన్యముతో కదలివచ్చియు వారిని ఆదుకొనలేకపోయెను. పైగా మచిలీపట్టణమును, నిజాంపట్టణమును ఆంగ్లేయులకే ఇచ్చివేసెను. ఒకనాడు ఫర్మానాకై చేతులు జోడించి నిలిచినవారు ఇప్పుడు శిస్తు వసూలు చేయు ప్రభువులైరి.

1864 నవంబరు 1వ తేదీనాటి తుపానులో సముద్రము పట్టణముపై విఱుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. బందరులో డచ్చివారి సమాధులు నేటికిని కలవు. శిలలపై వారి భాషలో చెక్కిన పేర్లను అచ్చట చూడవచ్చును.